ఇటలీ రాక్‌కి మార్కులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఇటలీ వాళ్ళ ప్రోగ్రెసివ్ రాక్ (పొట్టిగా ప్రోగ్ అంటారు, క్లాసికల్ లాగా పెద్ద పెద్ద పాటలు కట్టే రాక్) ఆల్బమ్స్ అయిదింటికి పదికి ఇన్ని అని మార్కులేసినా. ఆ సంచిక చూడనోళ్ళ కోసం మళ్ళీ చెప్తా: ఇల్ బల్లెత్తో ది బ్రోన్జో వాళ్ళ 'ఇస్'కి 9.5, మూజెయో రోజెన్‌బాఖ్ వాళ్ళ 'జరతుస్ట్రా'కి 8.5, లె ఓర్మె వాళ్ళ 'ఫెలోనా ఎ సొరోనా'కి 8, సెమీరామిస్ వాళ్ళ 'దెదికాతో ఆ ఫ్రాజ్'కి 8, మెతామోర్ఫోసి వాళ్ళ 'ఇన్ఫెర్నో'కి 7. 'ఇస్' 1972లో వచ్చింది, మిగతా నాలుగూ 1973వి. ఆ మార్కుల మీద ఎన్ని ఉత్తరాలు వచ్చినాయంటే ఈ నెల వేరే సంగతి రాయడానికి మనసు రాలేదు, అందులోనూ ఎక్కువ మన తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచే రావడం నాకు చెప్పలేనంత సంతోషం. అన్నీ వెయ్యడానికి చోటు లేదు, ఒకే మాట అడిగిన వాళ్ళవి కలిపి వేస్తున్నా.

ప్రశ్న: అన్నా, జరతుస్ట్రాకి 8.5 ఏందన్నా, అన్యాయం కాకపోతే. ఇటాలియన్ ప్రోగ్ అని ఎవురు లిస్టు రాసినా అది పైనే ఉంటాది. మా హాస్టల్ రూములో ముగ్గురం కలిసి విన్నాం, ముగ్గురం పదికి పది ఇచ్చినాం. ఇస్ అయితే మాకు తలనొప్పి తెచ్చింది, సగంలో ఆపేసినాం. దాన్ని ఎందుకు పైన పెట్టినారో చెప్పాల్సిందే.
- ఎంఏ విద్యార్థి, ఎస్వీ యూనివర్సిటీ, తిరుపతి

జవాబు: తమ్ముడూ, మీ ముగ్గురి పదికి పదిని నేను కాదనను, ఆ ఎల్పీ రికార్డు మొదటి సైడు విన్నాక ఎవరికైనా అట్టాగే అనిపిస్తుంది. ఇరవై నిమిషాలు దాటిన ఒకే పెద్ద సూట్ అది, అంటే భాగాలు భాగాలుగా కలిపి కట్టిన పాట, మెల్లగా మొదలై, మధ్యలో ఆర్గన్, గిటార్ కలిసి బరువుగా మీద పడి, మళ్ళీ మెత్తబడి, చివర్లో 'ఇల్ తెంపియో దెల్లె క్లెస్సీద్రె' దగ్గరికి వచ్చేసరికి ఒకే ట్యూన్‌ని తిప్పి తిప్పి పైకి తీసుకుపోతారు చూడు, ఆ చోట మెలోట్రాన్ అనే టేపుల కీబోర్డు లేస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. పాడిన స్తెఫానో గలీఫి, వాళ్ళు లుపో అని పిలుస్తారు, ఆయన గొంతులో ఒక గరుకు ఉంది, అది లేకపోతే ఆ సూట్ అంత బలంగా ఉండేది కాదు. ఆ సైడు ఒక్కదానికే మార్కు వెయ్యమంటే నేను కూడా పదికి పదే వేస్తా. నేను కోసింది రెండో సైడు దగ్గర. అక్కడి మూడు పాటలూ మంచివే, 'దెలెతెర్నో రితోర్నో' ఇంకా మంచిది, కానీ మొదటి సైడులో చేసిన పనే చిన్న సైజులో మళ్ళీ చేసినట్టు ఉంటుంది, కొత్తగా ఒక తలుపు తెరుచుకోదు.

ఇంకొక సంగతి, ఇది ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావాటికి కలిపి చెప్తున్నా. ఇట్టాంటి ఆల్బమ్స్‌కి పడే మార్కుల్లో కొన్ని పాటకి పడేవి కావు, పాట వెనకాల కథకి పడేవి. ఒకే ఒక్క రికార్డు తీసినారు, కొద్దిగా అచ్చయింది, దొరకడం కష్టం, బ్యాండు విడిపోయింది, అనగానే వినకముందే మనసులో రెండు మార్కులు పడిపోతాయి. దొరకని దాని మీద మోజు ఉండటం తప్పు కాదు, నాకూ ఉంది, కానీ మార్కు మాత్రం చెవిలో పడినదానికే వెయ్యాలి. జరతుస్ట్రా లక్షల కాపీలు అమ్ముడుపోయిన రికార్డు అయ్యుంటే దాని రెండో సైడుని మీరు ఇంత ముద్దుగా చూసేవాళ్ళా అని మీ ముగ్గురూ ఒకసారి ఆలోచించుకోండి.

ఇప్పుడు ఇస్ సంగతి. అది తలనొప్పి తెచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు, మొదట్లో ఆడవాళ్ళ గొంతులు మాటల్లేకుండా ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి, తర్వాత ఆర్గన్ వచ్చి అస్సలు ఊపిరి తీసుకోనివ్వదు. 'ఇంత్రొదూచ్సియోనె' ఒక్కటే పదిహేను నిమిషాలు. నేపుల్స్ కుర్రాడు జాన్ని లియోనె పియానో, ఆర్గన్, మూగ్ సింథసైజర్, మెలోట్రాన్ అన్నీ ఆయనే వాయిస్తాడు, పాట కూడా ఆయనే పాడతాడు, మరి అందులో ఎక్కడా ఇదిగో నా సోలో చూడండి అని ఆగి చూపించుకోడు, ప్రతి వాయిద్యం తర్వాతి చోటికి తోసుకుంటూనే పోతుంది. సముద్రంలో మునిగిపోయిన ఇస్ అనే నగరం గురించి ఫ్రాన్స్‌లో బ్రిటనీ వైపు ఒక పాత కథ ఉంది, ఆ పేరే దీనికి పెట్టుకున్నారు. మొదటి నిమిషం నుంచి ఎపిలోగ్ దాకా ఒకే భయం, ఒకే వేగం, ఎక్కడా జారిపోదు, అందుకే 9.5. మీరు ముగ్గురూ ఒక పని చెయ్యండి, మొత్తం వినొద్దు, ఇంత్రొదూచ్సియోనె ఒక్కటే ఒక వారం వినండి, కీబోర్డులు వదిలేసి కింద బేస్, డ్రమ్స్ ఏం చేస్తున్నాయో దాని మీదే చెవి పెట్టండి. ఆ తర్వాత కూడా తలనొప్పే అంటే మీ మార్కు మీది, నాకు రాయండి, వేస్తా.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మా మనవడి పుణ్యమా అని పీఎఫ్ఎం, బాంకో విన్నాను, వినడానికి బాగానే ఉండాయి. అయితే భాష ఒక్క ముక్క తెలియనప్పుడు పాటకు మార్కులు ఎట్లా వేస్తారు? సగం పేపర్ చదవకుండా దిద్దినట్టు కాదా? ఇంగ్లీషులో కూడా వచ్చినాయని మావాడు చెప్పినాడు, అవే వింటే సరిపోతుంది కదా.
- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మాస్టారూ, మీరు అడిగింది న్యాయమైన మాట. మన జిల్లాలో ధర్మరాజు గుళ్ళ దగ్గర భారతం జరిగేటప్పుడు రాత్రంతా వీధినాటకం ఆడతారు, మీరు చూసే ఉంటారు. ఆ పద్యాల్లో ఎన్ని మాటలు అక్కడ చాపలేసుకుని కూర్చున్న జనానికి పూర్తిగా అర్థమయ్యేవి చెప్పండి, అయినా వేషగాడు గొంతెత్తితే కునుకు తీసేవాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. కథ ముందే తెలుసు, ఎవరు ఏడుస్తున్నారో ఎవరు రంకెలేస్తున్నారో తెలుసు, మిగతాది గొంతే చెప్పేస్తుంది. ఇక్కడా అంతే పని. కథ ఏంటో ముందు తెలుసుకుని వినాలి, అది మాత్రం తప్పనిసరి, తెలుసుకోకుండా మార్కులేస్తే మీరన్నట్టు సగం పేపరే దిద్దినట్టు.

బాంకో దెల్ మూతువో సొక్కోర్సో వాళ్ళ 'డార్విన్' తీసుకోండి, 1972ది. అందులో ఒక పాట పేరే ఏడు లక్షల యాభై వేల ఏళ్ళ కిందట ప్రేమా అని ఉంటుంది. ఇంకా పూర్తిగా మనిషి కాని ఒక ప్రాణి, గుంపులో ఒక ఆడదాన్ని చూసి మనసు పారేసుకుంటాడు, కానీ దగ్గరికి పోలేడు, మాట్లాడటానికి మాట లేదు. ఈ ఒక్క సంగతి తెలుసుకుని ఫ్రాంచెస్కో ది జాకొమో పాడేది వినండి, ఆ పెద్ద మనిషి అంత పెద్ద గొంతుని ఎంత చిన్నగా చేసుకున్నాడో, ఎక్కడ వణికించినాడో మీకే తెలుస్తుంది. ఆయన 2014లో కారు ప్రమాదంలో పోయినాడు. ఆ పాట వినేటప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

ఇంగ్లీషు వెర్షన్ల సంగతికి వస్తే, పీఎఫ్ఎం అంటే ప్రెమ్యాతా ఫోర్నెరియా మార్కోని, వీళ్ళ 'పెర్ ఉన్ అమీకో' 1972లో వచ్చింది, దాంట్లో చాలా భాగం 1973లో 'ఫొటోస్ ఆఫ్ గోస్ట్స్' అని ఇంగ్లీషులో వచ్చింది, మాటలు రాసింది అంతకుముందు కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లండ్ బ్యాండుకి రాసిన పీట్ సిన్‌ఫీల్డ్. లె ఓర్మె వాళ్ళ ఫెలోనా ఎ సొరోనాకి ఇంగ్లీషు మాటలు వాన్ డర్ గ్రాఫ్ జెనరేటర్ అనే ఇంగ్లండ్ బ్యాండులోని పీటర్ హామిల్ రాసినాడు. ఇద్దరూ గొప్ప కవులే, అందులో సందేహం లేదు. అయినా నేను ఇటాలియన్‌లోనే వినమంటా. ఎందుకంటే ఆ భాషలో మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, పాడేవాడు చివర నోరు తెరిచి ఎంతసేపైనా సాగదీసుకోవచ్చు, ట్యూన్ కట్టింది కూడా ఆ సాగదీతని మనసులో పెట్టుకునే. ఇంగ్లీషు మాట హల్లు దగ్గర టక్కున మూసుకుంటుంది, అక్కడ ట్యూన్ ఇరుకైపోతుంది. 'అప్పెనా ఉన్ పో' వినండి, తర్వాత అదే ట్యూన్‌లో 'రివర్ ఆఫ్ లైఫ్' వినండి, వాయించింది వాళ్ళే, గిటార్, ఫ్లూట్ అంతే అందంగా ఉంటాయి, గొంతు వచ్చిన చోట మాత్రం తేడా తెలిసిపోతుంది. మీ మనవడికి నా ఆశీస్సులు చెప్పండి, మంచి చోట మొదలుపెట్టించినాడు.

ప్రశ్న: ఈ బ్యాండ్లన్నీ ఒకటి రెండు ఆల్బమ్స్ తీసి ఎందుకు ఆగిపోయినాయి సార్? అంత టాలెంట్ ఉన్నోళ్ళు ఏమైపోయినారు?
- మెడికల్ రెప్, మదనపల్లె (ఇదే ప్రశ్న పలమనేరు నుంచి, పీలేరు నుంచి కూడా వచ్చింది)

జవాబు: దీనికి ఒక కారణం చెప్పి ఊరుకుంటే అబద్ధం అవుతుంది, ఒకదాని మీద ఒకటి చాలా పడినాయి. మొదట్లో ఇటలీలో ఈ మ్యూజిక్‌కి ఎంత గిరాకీ అంటే, ఇంగ్లండ్‌లో పెద్దగా ఎవరూ పట్టించుకోని వాన్ డర్ గ్రాఫ్ వాళ్ళ 'పాన్ హార్ట్స్' ఆల్బమ్ అక్కడ నంబర్ వన్ అయింది, జెనెసిస్ అనే ఇంగ్లండ్ బ్యాండుని కూడా వాళ్ళ దేశం కంటే ముందు నెత్తిన పెట్టుకున్నది ఇటలీ వాళ్ళే. దాంతో ప్రతి కంపెనీ ఊరూరా కుర్రాళ్ళని పట్టుకొచ్చి రికార్డులు చేయించింది. చేయించినారు గానీ అమ్మే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. రేడియో అంతా ప్రభుత్వ సంస్థ రాయ్ చేతిలోనే ఉండేది, ప్రైవేటు రేడియోలకి కోర్టు తీర్పుతో దారి తెరుచుకుంది 1976లో, అప్పటికి ఈ అల చాలావరకు అయిపోయింది. జరతుస్ట్రా కవర్ మీద కొలాజ్‌లో ఎక్కడో ముసోలిని విగ్రహం తల ఉంది, దాన్ని చూసి వీళ్ళు ఫాసిస్టులని ముద్రేసినారు, రాయ్ వాళ్ళు పక్కన పెట్టేసినారు, ఇంక బ్యాండ్ ఎన్నాళ్ళు నిలబడుతుంది చెప్పండి. జర్మన్ తత్వవేత్త నీచె రాసిన జరతుస్ట్రా పుస్తకం మీద పాట కట్టిన కుర్రాళ్ళు వాళ్ళు, ఆ ముద్ర మొయ్యాల్సిన అవసరం వాళ్ళకి లేదు, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

కచేరీల సంగతీ అంతే. 1971లో మిలాన్ విగోరెల్లి స్టేడియంలో లెడ్ జెప్పెలిన్ కచేరీ పోలీసుల టియర్ గ్యాస్‌తో గొడవగా ముగిసింది, ఆ తర్వాత సంగీతం ఉచితంగా ఇవ్వాలని గేట్లు తోసుకుని రావడం మామూలైపోయింది, పెద్ద బ్యాండ్లు ఇటలీ అంటేనే వెనక్కి తగ్గినాయి, చిన్న బ్యాండ్లకి వాయించే చోటు పోయింది. కంపెనీలు కూడా మూతపడినాయి. బిల్యెత్తో పెర్ లిన్ఫెర్నో అని లేక్కో ఊరి బ్యాండు, 1974లో ట్రైడెంట్ కంపెనీ వేసింది వాళ్ళ మొదటి రికార్డు, రెండోది కూడా రికార్డ్ చేసి పెట్టుకున్నారు, ఈలోపు ట్రైడెంట్ మూతపడింది. 'ఇల్ తెంపో దెల్లా సెమినా' అనే ఆ రెండో రికార్డు జనం చెవిన పడింది 1992లో.

మనుషులు ఏమైనారంటే, కొందరు బాగానే నిలదొక్కుకున్నారు. సెమీరామిస్‌లో పాడి గిటార్ వాయించిన మికేలె జర్రిల్లో అప్పటికి పదహారేళ్ళ పిల్లాడు, తర్వాత ఇటలీలో పేరున్న పాప్ గాయకుడు అయినాడు, 1987లో సాన్ రెమో పాటల పోటీలో కొత్తవాళ్ళ విభాగంలో గెలిచినాడు. మూజెయో రోజెన్‌బాఖ్ డ్రమ్మర్ జాంకార్లో గోల్జీ మాతియా బజార్ అనే పాప్ గ్రూపులో చేరి 2015లో పోయేదాకా అందులోనే ఉన్నాడు. గలీఫి అయితే చాలా ఏళ్ళ తర్వాత జెనోవా కుర్రాళ్ళతో కలిసి ఇల్ తెంపియో దెల్లె క్లెస్సీద్రె అనే బ్యాండులో పాడినాడు, పేరు చూస్తున్నారు కదా, జరతుస్ట్రా చివరి భాగం పేరే, వాళ్ళ మొదటి ఆల్బమ్ 2010లో వచ్చింది. వినండి. గొంతు అట్టాగే ఉంది.

ప్రశ్న: పాత పాటల్లో వయొలిన్లు, కోరస్ అన్నీ కలిసి ఒక మసక మసక శబ్దం వస్తుంది, అది ఏ సింథసైజర్?
- కీబోర్డ్ ప్లేయర్, పుత్తూరు

జవాబు: సింథసైజర్ కాదు, మెలోట్రాన్. ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్‌లో తయారయ్యేది. ప్రతి మెట్టు కింద ఒక టేప్ ముక్క ఉంటుంది, దాంట్లో నిజమైన వయొలిన్లో, ఫ్లూటో, కోరసో ఆ ఒక్క స్వరం వాయించి రికార్డ్ చేసి ఉంటారు, మెట్టు నొక్కితే ఆ టేప్ తిరుగుతుంది, దాదాపు ఎనిమిది సెకన్లకి టేప్ అయిపోతుంది, వదిలి మళ్ళీ నొక్కాలి. ఆ మసక, ఆ చిన్న వణుకు టేప్‌ది. ఈ రోజుల్లో నీ కీబోర్డులో మెలోట్రాన్ సౌండ్ పెట్టుకున్నా సరే, ఎనిమిది సెకన్లకి చెయ్యి ఎత్తి వాయించి చూడు, అప్పుడు వస్తుంది ఆ పాతకాలం వాయింపు. సాన్ రెమో బ్యాండు చెలెస్తె వాళ్ళ 'ప్రించిపె ది ఉన్ జోర్నో' విను, 1976ది, మెలోట్రాన్, ఫ్లూట్, అక్కూస్టిక్ గిటార్ ఇవే ఎక్కువ, డ్రమ్స్ చాలా తక్కువ, రాత్రి పూట హెడ్‌ఫోన్స్‌లో వినాల్సినది. 8.5.

ప్రశ్న: మా పాపా, నేనూ మీ పేజీ చదువుతాం. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, రాత్రుళ్ళు గది తలుపేసుకుని నరకం, నరకానికి టికెట్ అని పేర్లున్న పాటలు వింటున్నాడు. పేరు చూసి భయమేసింది. ఇవి దెయ్యాల పూజ పాటలా? వాణ్ణి ఆపమంటారా?
- ఒక తల్లి, బాలాజీ కాలనీ, తిరుపతి

జవాబు: అమ్మా, భయపడకండి. అందులో దెయ్యాల పూజ ఏమీ లేదు. మెతామోర్ఫోసి వాళ్ళ ఇన్ఫెర్నో దాంతే అనే ఇటలీ మహాకవి 14వ శతాబ్దంలో రాసిన కావ్యం మీద కట్టినది, అక్కడి పిల్లలు బళ్ళో చదువుకునే కావ్యం అది. కాకపోతే ఈ కుర్రాళ్ళు ఆ నరకంలోకి తమ కాలం వాళ్ళని కూడా తోసినారు, మత్తుమందు అమ్మేవాళ్ళు, పేదల్ని పీల్చుకు తినేవాళ్ళు, జాతి పేరు చెప్పి మనుషుల్ని తక్కువగా చూసేవాళ్ళు, రాజకీయాలతో బతికేవాళ్ళు, అందరూ అందులో ఉన్నారు. చూడబోతే నీతి పాటలే. పోయిన నెల నేను దానికి 7 వెయ్యడానికి కారణం వేరే, అందులో గిటార్ లేకపోవడం నాకు లోటు కాదు, పాడిన స్పితలేరి గొంతు కూడా గొప్పదే, కానీ చిన్న చిన్న ముక్కలు వెంటవెంటనే మారిపోతాయి, ఒక భావం కుదురుకునే లోపల ఇంకోటి వచ్చేస్తుంది.

ఇంక నరకానికి టికెట్ అన్నది నేను పైన చెప్పిన బిల్యెత్తో పెర్ లిన్ఫెర్నో. అందులో పాడి ఫ్లూట్ వాయించిన క్లాదియో కనాలి తర్వాత సన్యాసం తీసుకుని క్రైస్తవ మఠంలో చేరినాడు, ఆ మనిషి మనసు అట్టాంటిది. అయితే ఒక్క సంగతి మీకు దాచకుండా చెప్పాలి. ఆ ఆల్బమ్‌లో ఆత్మహత్య చేసుకున్న స్నేహితుడి గురించి ఒక పాట ఉంది. పోయినవాడి కోసం పడే బాధ పాట అది, చావమని చెప్పే పాట కాదు. అయినా మీ అబ్బాయి వయసు అట్టాంటిది కాబట్టి తలుపు తట్టి లోపలికి వెళ్ళి, ఏం వింటున్నావురా, నాకూ వినిపించు అని పక్కన కూర్చోండి. ఆపమని మాత్రం నేను చెప్పను. ఆ ఫ్లూట్ వాడికి నచ్చుతుంటే, మీ ఊళ్ళోనే ఎస్వీ సంగీత కళాశాల ఉంది, నేర్చుకుంటాడేమో అడిగి చూడండి.

ప్రశ్న: సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఇటాలియన్ రాక్‌లో వయొలిన్ బాగా ఉన్నవి చెప్పండి. గాత్రంలో కొత్తగా ఏమన్నా చేసినవాళ్ళు ఉన్నారా?
- విద్యార్థిని, తిరుపతి

జవాబు: చెల్లెమ్మా, మొదట క్వెల్లా వెక్కియా లొకాందా వినాలి నువ్వు, రోమ్ వాళ్ళు, 1972లో ఒకటి, 1974లో 'ఇల్ తెంపో దెల్లా జోయా' అని ఇంకోటి, ఆ రెండే. మొదటిదాంట్లో వయొలిన్ కొంచెం దూకుడుగా ఉంటుంది, రాక్ ఎక్కువ. రెండోదాంట్లో పియానోతో కలిసి పక్కా క్లాసికల్ నడక, విల్లు ఎంత నిదానంగా లాగుతారో చూడు. నా మార్కులు 8, 9. పీఎఫ్ఎంలో మౌరో పగాని వయొలిన్, ఫ్లూట్ రెండూ వాయిస్తాడు, పాటలో కలిసిపోయి వాయించడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. నేపుల్స్ గాయకుడు అలాన్ సొర్రెంతి 1972లో తీసిన 'ఆరియా' కూడా విను, దాని టైటిల్ పాట ఒక సైడంతా ఉంటుంది, అందులో వయొలిన్ ఫ్రాన్స్ వాయులీన విద్వాంసుడు జాన్ లుక్ పోంటీది, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రాలో వాయించినాయనే. మన పద్ధతిలో నేర్చుకునే పిల్లలకి గమకం చేతిలో ఉంటుంది కాబట్టి పోంటీ జారుడు పట్టులు నీకు వెంటనే దొరుకుతాయి అని నా నమ్మకం.

గాత్రం అంటే ఒక్కడే పేరు, దెమెత్రియో స్త్రాతోస్. ఈజిప్ట్ అలెగ్జాండ్రియాలో 1945లో గ్రీకు తల్లిదండ్రులకి పుట్టినాడు, ఇటలీలో ఏరియా అనే బ్యాండులో పాడినాడు. ఒకే గొంతులోంచి ఒకేసారి రెండు మూడు స్వరాలు పలికించేవాడు, గొంతుని వాయిద్యంగా చేసుకుని దాని మీదే పరిశోధన చేసినాడు. ఏరియా మొదటి ఆల్బమ్ 1973లో వచ్చింది, మొదటి పాట 'లూలియో, అగొస్తో, సెత్తెంబ్రె' విను, బాల్కన్ వైపు జానపదం నడకలో పోతుంది, తాళం లెక్క వేసుకుంటూ విను, నీకు మజాగా ఉంటుంది. ఆయనకి రక్తం జబ్బు వస్తే వైద్యం ఖర్చుల కోసం మిలాన్‌లో ఎంతోమంది కళాకారులు కలిసి 1979 జూన్ 14న కచేరీ పెట్టినారు. ఆయన 13నే న్యూయార్క్ ఆసుపత్రిలో పోయినాడు. కచేరీ ఆపలేదు, ఆయన జ్ఞాపకంగా చేసినారు. మార్కు వెయ్యమంటే ఏరియాకి 9 వేస్తా, స్త్రాతోస్ గొంతుకి వేసే మార్కు నా దగ్గర లేదు.

ప్రశ్న: మేము నలుగురు ఫ్రెండ్స్ ప్రతి ఆదివారం బైరాగిపట్టెడలో మా మిద్దె మీద కలిసి ఒక ఆల్బమ్ విని మార్కులేసుకుంటాం. లొకాందా దెల్లె ఫాతె ఆల్బమ్ దగ్గర పెద్ద గొడవ అయింది. ఒకడు 10 అంటాడు, ఇంకొకడు ఇది జెనెసిస్ కాపీ, 4 కంటే వెయ్యను అని లేచి వెళ్ళిపోయినాడు. మీరే తేల్చండి.
- నలుగురిలో ఒకడు, తిరుపతి

జవాబు: ముందు ఆ లేచి వెళ్ళిపోయిన తమ్ముణ్ణి పిలుచుకురండి, పాటల కోసం స్నేహం పోగొట్టుకోకండి.

'ఫోర్సె లె లూచ్చోలె నోన్ సి ఆమానో ప్యూ', ఆస్తి ఊరి బ్యాండు, 1977. ఆ సంవత్సరం చూసినారా, అప్పటికి డిస్కో వచ్చేసింది, పంక్ వచ్చేసింది, ఈ కుర్రాళ్ళు మాత్రం ఇద్దరు కీబోర్డులు, ఇద్దరు గిటార్లు, ఫ్లూట్ పెట్టుకుని 1973లో ఉన్నట్టే వాయించినారు. అమ్మకాలు లేవు. జెనెసిస్ వాసన ఉందా అంటే ఉంది, కాదని ఎవరంటారు, గిటార్, కీబోర్డ్ కలిసి అల్లే చోట్ల బాగా తెలుస్తుంది. కానీ లెయొనార్దో సాస్సో పాడటం మొదలుపెట్టినాక అందులో ఇంగ్లండ్ ఎక్కడుంది? ఆ బొంగురు గొంతు, ఆ ఆవేశం పక్కా ఇటలీ. కాపీ అంటే ఒకరి ట్యూన్ తీసుకోవడం, ఒకరి దగ్గర నడక నేర్చుకుని సొంత కథ చెప్పుకోవడం కాపీ కాదు, అట్టా అయితే గురువు దగ్గర నేర్చుకున్న ప్రతివాడూ కాపీయే. పది అన్న తమ్ముడికి కూడా నా మాట, ఏడు పాటలూ ఒకే తీపి, ఎక్కడా కారం లేదు, మధ్యలో ఒక్కచోటన్నా గరుకు తగిలి ఉంటే బాగుండేది. నా మార్కు 8.

మీ పద్ధతి గురించి ఒక సలహా. ఒకడు నోరు తెరిచి పది అనగానే మిగతావాళ్ళ చెవి మారిపోతుంది, ఒప్పుకోవాలి అనో కాదనాలి అనో. అందుకని విన్నంతసేపూ ఎవరూ మాట్లాడకండి, ఒక సైడు అయినాక ఆపి ఎవరి కాగితం మీద వాళ్ళు రాసుకోండి, రెండో సైడు అయినాక ఇంకో మార్కు, తర్వాత అందరూ ఒకేసారి చూపించండి. ఎల్పీలుగా కట్టిన సంగీతం ఇది, ఇరవై నిమిషాలకి లేచి రికార్డు తిరగేస్తారని తెలిసి కట్టినది, ఫోన్‌లో ఒకటే వరసగా వింటే ఆ మధ్య విరామం పోతుంది. ఇంకోటి, ఆ బ్యాండు కథ, ఎంత అరుదు, ఎవరు ఏం మార్కులేసినారు ఇవన్నీ రాసుకోవడం అయిపోయినాకే చదవండి. పాట కథ ముందు చదవాలి, రికార్డు కథ తర్వాత.

ప్రశ్న: ఒరిజినల్ ఎల్పీలు కొనాలా సార్? రేట్లు చూస్తే గుండె ఆగుతోంది.
- కిరాణా వ్యాపారి, శ్రీకాళహస్తి

జవాబు: వద్దు సార్. వీటిలో చాలావాటికి జపాన్ వాళ్ళు, ఇటలీ వాళ్ళు మంచి రీఇష్యూలు వేసినారు, సీడీలు ఉన్నాయి, వినడానికి అవి చాలు, మొదట ఫోన్‌లో వినండి, నచ్చినదే కొనండి. కవర్ కోసమే కొనాలనిపిస్తే మాత్రం ఆల్ఫాతౌరుస్ వాళ్ళ 1973 ఆల్బమ్ రీఇష్యూ ఎల్పీ చూడండి, మూడు మడతల కవర్, శాంతి పావురం ఆకాశం నుంచి బాంబులు వేస్తుంటుంది, ఇంట్లో గోడకి పెట్టుకోవచ్చు. ఆల్బమ్‌కి కూడా 8.

ప్రశ్న: ఇవన్నీ నాకు కొత్త. ఇళయరాజా పాటలు, కొంచెం పింక్ ఫ్లాయిడ్ తప్ప ఏమీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇస్ మాత్రం చెప్పొద్దు.
- నర్సు, చిత్తూరు

జవాబు: చెప్పను చెల్లెమ్మా. మాక్సొఫోనె, మిలాన్ వాళ్ళు, 1975లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్. రాక్ వాయించేవాళ్ళు, సంగీత కళాశాలలో క్లాసికల్ చదివినవాళ్ళు కలిసిన బ్యాండు, ఫ్రెంచ్ హార్న్, క్లారినెట్, వైబ్రాఫోన్ అన్నీ ఉంటాయి. ఇళయరాజా పాటల్లో ఒక వాయిద్యం వదిలిన చోట ఇంకోటి అందుకోవడం నీకు అలవాటే కదా, ఆ చెవితో 'చే ఉన్ పాయీసె అల్ మోందో' విను, ఇట్టే లోపలికి తీసుకుపోతుంది. అది నచ్చితే పెర్ ఉన్ అమీకో, అది కూడా నచ్చితే ఫెలోనా ఎ సొరోనా. అది రెండు గ్రహాల కథ, ఒకటి వెలుగులో సంతోషంగా ఉంటుంది, ఇంకోటి చీకట్లో ఏడుస్తుంటుంది, ముప్పై నిమిషాల పైచిలుకే కాబట్టి డ్యూటీ నుంచి బస్సులో ఇంటికి వచ్చే లోపల అయిపోతుంది. మాక్సొఫోనెకి నా మార్కు 8.5, నీ మార్కు రాసి పంపు.

ప్రశ్న: ఓసాన్నా వాళ్ళ 'పాలెపోలి' మీ లిస్టులో లేదు. మర్చిపోయినారా, కావాలని వదిలేసినారా?
- ప్రింటింగ్ ప్రెస్ యజమాని, పుంగనూరు

జవాబు: కావాలనే వదిలినా, దానికి మీ అందరితో కలిసి మార్కు వెయ్యాలని. నేపుల్స్ బ్యాండు, స్టేజీ మీద ముఖాలకి రంగులేసుకుని వాయించేవాళ్ళు, 1973లో వచ్చింది ఈ ఆల్బమ్. మొదటి సైడులో 'ఓరో కాల్దో' వాళ్ళ ఊరి జానపదం లాగా మొదలై ఉన్నట్టుండి విరిగిపోతుంది, రెండో సైడంతా 'అనిమాలె సెన్జా రెస్పీరో' ఒక్కటే, ఇరవై నిమిషాల పైన. ఎలియో దాన్నా ఫ్లూట్, సాక్సొఫోన్ రెండూ కూడా గమనించండి. సైడుకి ఒక మార్కు, ఎందుకో రెండు వాక్యాలు, పోస్టుకార్డు మీద రాసినా చాలు, ఈ నెల 20 లోపల అందేట్టు పంపండి. నా మార్కు రాసి కవర్‌లో పెట్టి ఎడిటర్ గారికి ఇచ్చేసినా, వచ్చే నెల మీ వాటితో పాటే వేస్తారు.